పొడి నేలల్లో తేళ్ల లెక్క ఎందుకు తేలదు

ఫలానా ఎడారిలో ఎన్ని రకాల తేళ్లున్నాయి అని అడిగితే జవాబుగా ఒక అంకె వస్తుంది. తొమ్మిది అనో, పదిహేను అనో. వినగానే నమ్మేయాలనిపిస్తుంది, వార్తల్లో కూడా ఆ అంకెనే తీసి హెడ్డింగ్‌లో పెట్టేస్తారు. కానీ ఏ పద్ధతిలో వెతికారు, ఏ నెలలో వెతికారు, ఎంతసేపు వెతికారు, దొరికినదాన్ని ఏ కొలతలు చూసి ఫలానా జాతి అన్నారు, ఈ నాలుగూ తెలియనంత వరకు ఆ అంకె వల్ల ఉపయోగం చాలా తక్కువ. పక్షుల సర్వేలోనో సీతాకోకచిలుకల సర్వేలోనో కూడా ఈ ఇబ్బంది ఉంది, కాదనలేం. తేళ్ల దగ్గరికి వచ్చేసరికి అది చాలా పెద్దదవుతుంది.

కారణం వాటి బతుకులోనే ఉంది. తేలు శరీరం ఖర్చు పెట్టే శక్తి చాలా తక్కువ, చర్మం నుంచి పోయే నీరు కూడా తక్కువే, ఒకసారి కడుపునిండా తింటే వారాల తరబడి బొరియలోంచి కదలకుండా ఉండగలదు. రోజూ ఆహారం కోసం తిరగాల్సిన అవసరమే లేని జీవి అది. 1970ల చివర్లో, 80ల్లో కాలిఫోర్నియాలోని కోచెల్లా లోయ ఇసుక దిబ్బల మీద గ్యారీ పోలిస్ అనే శాస్త్రవేత్త స్మెరింగురస్ మెసెన్సిస్ అనే ఇసుక తేలును ఏళ్ల తరబడి గమనించాడు, అప్పట్లో దాని జాతి పేరు వేరేగా ఉండేది. ఆ పనిలో తేలిన ముఖ్యమైన సంగతుల్లో ఒకటి, ఒక తేలు తన జీవితంలో చాలా పెద్ద భాగం బొరియలోనే గడుపుతుందని. ఏ రాత్రి చూసినా ఆ నేలలో ఉన్న మొత్తం తేళ్లలో పైకి వచ్చేవి కొన్నే. అంటే ఒక రాత్రి తిరిగి 30 తేళ్లు చూశాం అంటే అక్కడ 30 ఉన్నాయని కాదు, ఆ రాత్రి 30 బయటికి వచ్చి మన దారిలో పడ్డాయని మాత్రమే.

ప్రపంచం మొత్తం మీద ఇప్పటివరకు పేరు పెట్టిన తేళ్ల జాతులు 2,500 దాటాయి. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉన్నాయి, వానలు బాగా పడే అడవుల్లో కూడా ఉన్నాయి, అయితే వైవిధ్యం బాగా కనిపించేది మాత్రం పొడి ప్రాంతాల్లోనే. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం ఒక్కదాన్నుంచే 60కి పైగా జాతులు నమోదయ్యాయి. ఒకే లోయలో, ఒకే రాత్రి, రాతి మీద ఒక జాతి, ఇసుకలో ఇంకొకటి, ఎండిన పొదల మీద మరొకటి కనిపించడం అలాంటి చోట్ల మామూలే. అందుకే పొడి ప్రాంతంలో సర్వే అంటే ఒక నేల మీద చేసే సర్వే కాదు, పక్కపక్కనే ఉన్న నాలుగైదు వేరువేరు నేలల మీద చేసే సర్వే.

ఇక వెతకడం సంగతి. ఈ రంగాన్ని మొత్తం మార్చేసింది యూవీ లైటు. అతినీలలోహిత కాంతి పడితే తేలు ఒళ్లు ఆకుపచ్చ, నీలం కలిసిన రంగులో మెరుస్తుందని 1954 ప్రాంతంలో పరిశోధకులు రాశారు, 1960ల నుంచి దాన్ని రాత్రి సర్వేలకు వాడడం మొదలైంది. అంతకుముందు పగలు రాళ్లు ఎత్తి చూడడం, రాత్రి మామూలు దీపాలతో తడుముకోవడం తప్ప దారి లేదు, అప్పటి జాబితాల్లో చాలా జాతులు లేకపోవడానికి అది ఒక పెద్ద కారణం. ఈ మెరుపుకు కారణమైన పదార్థాల్లో రెండు బయటపడ్డాయి, 1999లో బీటా కార్బోలిన్, 2001లో కౌమరిన్ కుటుంబానికి చెందిన ఇంకొకటి. రెండూ పైపొర గట్టిపడే క్రమంలో అందులో చేరతాయి. కాబట్టి అప్పుడే కుబుసం విడిచిన తేలు సరిగ్గా మెరవదు, పైపొర గట్టిపడ్డాకే మెరుపు వస్తుంది. తల్లి వీపు మీద ఉండే బుల్లి పిల్లలు కూడా మొదటి కుబుసం విడిచేదాకా దాదాపు మెరవవు. యూవీ లైటు పెట్టుకుని తిరిగేవాళ్లు ఈ చిన్న సంగతి మరిచిపోతే పిల్లల లెక్క, కుబుసం విడిచే కాలంలో పెద్దవాటి లెక్క కూడా తప్పుతాయి.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. చచ్చిన తేలు కూడా మెరుస్తుంది, విడిచిన కుబుసం కూడా మెరుస్తుంది, మ్యూజియంలో దశాబ్దాల పాటు ఆల్కహాల్‌లో నానిన నమూనా కూడా మెరుస్తుంది. నేల మీద కొన్ని ఖనిజాలు, రాళ్ల మీద పెరిగే కొన్ని లైకెన్లు, ప్లాస్టిక్ దారాలు కూడా ఇదే లైటుకి వెలుగుతాయి. అలవాటు లేనివాళ్లు దూరం నుంచి చూసి లెక్క వేసుకుంటూ పోతే సంఖ్య ఊరికే పెరిగిపోతుంది. ప్రతి మెరుపు దగ్గరికీ వెళ్లి చూడాల్సిందే, దీనికి అడ్డదారి లేదు.

లైటు విషయంలో కూడా తేడాలుంటాయి. 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న చవక టార్చ్‌లు ఊదా వెలుగు బాగా చిమ్ముతాయి, ఆ వెలుగులో తేలు మెరుపు కొంత కలిసిపోతుంది. 365 దగ్గరివి కంటికి తక్కువ కనిపిస్తాయి కాబట్టి తేలు ఒక్కటే చీకట్లో నియాన్ గీతలా కనబడుతుంది. ఒక టీమ్ ఒక రకం టార్చ్ వాడి, ఇంకో టీమ్ ఇంకో రకం వాడి, ఆ రెండు చోట్ల లెక్కల్ని పోల్చడం చాలాసార్లు జరుగుతుంది, అలా పోల్చితే కొలిచింది టార్చ్‌ల తేడానే అవుతుంది. ఏ టార్చ్ వాడారో, ఎన్ని నానోమీటర్లో రిపోర్టులో రాయడానికి ఒక్క లైను చాలు.

రాత్రి నడక దగ్గరి నుంచి చూస్తే ఇలా ఉంటుంది. చీకటి పడిన గంటలోపు మొదలు పెడతారు, ఒక గీత వెంట నెమ్మదిగా నడుస్తూ లైటును అటు ఒకటిన్నర మీటరు, ఇటు ఒకటిన్నర మీటరు తిప్పుతారు. బొరియ అంచున కూర్చున్న తేలుకు డెక్కలు, అంటే పీతకున్నట్టు ముందుండే రెండు పట్టుకొమ్ములు, మాత్రమే బయట ఉంటాయి, రెండు చిన్న ఆకుపచ్చ ముక్కలు నేలలోంచి పొడుచుకొచ్చినట్టు. అడుగు గట్టిగా పడిందా, ఆ రెండూ లోపలికి వెళ్లిపోతాయి. ఎందుకంటే ఇసుకలో వచ్చే కదలికల్ని తేలు కాళ్లతో పసిగడుతుంది. ఫిలిప్ బ్రౌనెల్ అనే శాస్త్రవేత్త 1977లో దీన్నే చూపించాడు, ఇసుకలో పాకే పురుగు పుట్టించే తరంగాలు ఎనిమిది కాళ్లకూ ఏ క్రమంలో చేరాయో దాన్ని బట్టి ఆ పురుగు ఎటువైపు ఉందో తేలు కనిపెడుతుంది. అంత సూక్ష్మంగా నేలను వినే జీవి దగ్గరికి నలుగురు మనుషులు బూట్లతో టపటపా నడుచుకుంటూ వెళ్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఒక్కరో ఇద్దరో, మెత్తగా, ఒకసారి వెళ్లిన గీత మీద మళ్లీ వెంటనే తిరగకుండా నడవాలి. పైగా యూవీ కాంతిని తేళ్లు గ్రహిస్తాయి, దానికి దూరంగా జరుగుతాయి కూడా, కాబట్టి దొరికింది కదా అని దాని మీదే లైటు పెట్టి నిలబడడం మంచిది కాదు.

ఏ రాత్రి వెళ్లాలి అన్నది కూడా లెక్కను మార్చేస్తుంది. పున్నమి వెన్నెల్లో కొన్ని జాతులు బయటికి రావడం తగ్గిస్తాయి, వెలుగులో తమను తినే జంతువులకు దొరికిపోతాయని కావచ్చు, కొన్ని జాతుల్లో మాత్రం వెన్నెల ప్రభావం పెద్దగా కనిపించలేదు. గాలి బాగా వీచే రాత్రి ఇసుక కదిలి కాళ్లకు కబురు అందదు, అలాంటప్పుడు బయటికి వచ్చేవి తక్కువ. చల్లటి రాత్రి ఇంకా తక్కువ. జత కట్టే కాలంలో పెద్ద మగ తేళ్లు ఆడవాటిని వెతుక్కుంటూ బొరియలు వదిలి తిరుగుతాయి, ఆడవి ఉన్నచోటే ఉంటాయి. ఆ నెలలో మాత్రమే సర్వే చేసినవాళ్లు ఈ జాతిలో మగవే ఎక్కువ అని రాసేస్తారు. అక్కడ ఎక్కువైంది మగవాటి తిరుగుడు, వాటి సంఖ్య కాదు. ఇలాంటి తప్పు రిపోర్టులో ఒకసారి పడితే, తర్వాత వచ్చేవాళ్లు దాన్నే ఎత్తి రాస్తూ పోతారు.

యూవీ నడకకు దొరకనివి చాలానే ఉంటాయి. రాతి పగుళ్లలో బతికేవి కొన్ని పగులు దాటి బయటికి రావు. అరిజోనా ప్రాంతపు బెరడు తేలు, సెంట్రురాయిడ్స్ స్కల్ప్‌చురేటస్, తలకిందులుగా అతుక్కుని ఉండడానికి ఇష్టపడుతుంది, చెట్ల బెరడు కింద, గోడల మీద, రాతి అడుగుభాగాన ఉంటుంది, నేల మీదే లైటు తిప్పుకుంటూ పోయేవాళ్లకు అది అరుదైన జాతిలా కనిపిస్తుంది. అదే ఎడారిలో ఉండే హాడ్రురస్ ఆరిజోనెన్సిస్ 14 సెంటీమీటర్ల దాకా పెరిగే భారీ తేలు, పైకి వచ్చిందంటే దూరం నుంచే కనిపిస్తుంది. ఒకే నడకలో ఈ రెండింటినీ ఒకే రకంగా లెక్కపెట్టి, ఇది ఎక్కువ, అది తక్కువ అనడం న్యాయం కాదు.

అందుకని పగలు రాళ్లు ఎత్తి చూడడం ఇప్పటికీ అవసరమే. ఎత్తిన రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే, అదే గుంతలో, అదే పక్క కిందికి వచ్చేలా పెట్టాలి. పొడి నేలల్లో ఒక రాయి కింద ఏర్పడిన చల్లదనం, తేమ ఏళ్లు పట్టి వచ్చినవి, రాయి పక్కకు దొర్లితే ఆ ఇల్లు పోయినట్టే. సర్వే పేరుతో ఒక గుట్ట మొత్తం రాళ్లు తిరగేసి వదిలేస్తే, తర్వాతి ఏడాది అక్కడ సంఖ్య తగ్గడానికి ఆ సర్వేనే కారణం అవుతుంది. చెయ్యి ఎప్పుడూ రాయి కిందికి పోకూడదు, రాయిని అవతలి అంచు పట్టుకుని తనవైపు ఎత్తాలి, పాములు కూడా అక్కడే ఉంటాయి. తేలును పట్టుకోవడానికి పొడుగాటి ఫోర్‌సెప్స్, తోక చివరను మెత్తగా పట్టేలా కొనలకు స్పాంజి, కాళ్లకు బూట్లు, ఒంటరిగా వెళ్లకపోవడం, దగ్గర్లో విరుగుడు మందు ఉన్న ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకోవడం, వీటి గురించి చర్చ అక్కర్లేదు.

నేలలో డబ్బా పాతిపెట్టే పిట్‌ఫాల్ ఉచ్చులు ఇంకో దారి. మనిషి లేకపోయినా పని చేస్తాయి, కాబట్టి అన్ని చోట్లా ఒకే శ్రమతో నడపొచ్చు, పోల్చడానికి అది పెద్ద సౌకర్యం. కానీ వాటిలో పడేవి తిరిగే తేళ్లే, కూర్చుని వేటాడేవి పడవు, మళ్లీ మగవే ఎక్కువ వస్తాయి. డబ్బా లోపల నమూనాలు చెడకుండా ఉంచే ద్రావణం పోస్తే పడినవన్నీ చస్తాయి, పోయకపోతే ఒకదాన్నొకటి తినేస్తాయి, ఎండ ముదరక ముందే వెళ్లి తీయకపోతే మాడిపోతాయి. పని అయ్యాక డబ్బాలు తీసి గుంతలు పూడ్చకుండా వెళ్లిపోవడం మాత్రం క్షమించదగ్గ విషయం కాదు.

బొరియలు తవ్వే జాతులకు బొరియ గుమ్మమే ఆనవాలు. చాలా జాతుల్లో అది గుండ్రంగా ఉండదు, అడ్డంగా వెడల్పుగా, అర్ధచంద్రాకారంలో ఉంటుంది, తేలు ఒళ్లు ఎలా ఉందో ఆ కొలతకే తవ్వుకుంటుంది కాబట్టి. అనుభవం ఉన్నవాళ్లు గుమ్మం వెడల్పు చూసి లోపల ఉన్నది పిల్లో పెద్దో ఒక అంచనా చెబుతారు. లోపలి ఆకారం తెలుసుకోవడానికి కరిగించిన అల్యూమినియం పోసి అచ్చు తీసే పద్ధతి ఉంది. నమీబియా, ఇజ్రాయెల్ ఎడారుల్లోని మూడు జాతుల బొరియల్ని అలా అచ్చు తీసి 2016లో ఒక పరిశోధన వచ్చింది. దూరదూరంగా ఉన్న నేలలైనా మూడింటిలోనూ ఒకే రకం ఏర్పాటు కనబడింది, గుమ్మం దాటగానే చదునైన చిన్న అరుగు, తర్వాత వంపులు, చివర్న ఒక గది. ఆ అరుగు మీదే తేలు సాయంత్రం కూర్చుని ఒళ్లు వెచ్చబెట్టుకుంటూ బయటికి రావాలో వద్దో చూసుకుంటుందని పరిశోధకులు అనుకుంటున్నారు. అచ్చు తీయడానికి ముందు తేలును బయటికి రప్పించాలి, ఆ బొరియ ఎలాగూ పోతుంది, కాబట్టి లెక్కపెట్టడానికి ఇది పద్ధతి కాదు, అర్థం చేసుకోవడానికి మాత్రమే.

ఇప్పుడు అంకెల దగ్గరికి వద్దాం. ఏ సర్వేకైనా నోట్‌బుక్‌లో మొదటి గడి దొరికిన తేళ్ల సంఖ్యకు కాదు, పెట్టిన శ్రమకు కేటాయించాలి. ఎంతమంది, ఎన్ని గంటలు, ఎన్ని మీటర్లు, ఎన్ని రాళ్లు. మూడు గంటలు తిరిగి ఒక్కటీ దొరకని రాత్రి కూడా డేటానే, చాలామంది దాన్ని రాయరు, వృథా రాత్రి అని వదిలేస్తారు. అలా సున్నాలు వదిలేసిన జాబితాలో తేళ్లు ఉన్న చోట్లు మాత్రమే మిగులుతాయి, తేళ్లు తగ్గిపోతున్న చోటు ఏదో పదేళ్ల తర్వాత ఎవరికీ తెలియదు.

కనిపించని జాతులు ఎన్ని ఉండొచ్చో అంచనా వేయడానికి యాన్ చావో అనే గణాంక శాస్త్రవేత్త 1984లో ఇచ్చిన ఒక సూత్రం చాలా సరళమైనది. ఒక్కసారే కనిపించిన జాతులు ఎన్ని, సరిగ్గా రెండుసార్లు కనిపించినవి ఎన్ని అని చూస్తారు. ఉదాహరణకి మొత్తం 9 జాతులు దొరికాయి, అందులో 4 జాతుల నుంచి ఒక్కొక్క తేలే దొరికింది, 2 జాతుల నుంచి రెండేసి దొరికాయి అనుకుందాం. 4ను 4తో గుణిస్తే 16, దాన్ని 2కి రెట్టింపైన 4తో భాగిస్తే 4. అంటే ఇంకా కనీసం నాలుగు జాతులు కంటపడకుండా ఉండొచ్చు, అంచనా 13. సూత్రం వెనక ఆలోచన ఏమిటంటే, ఒంటరిగా దొరికినవి ఎక్కువ ఉన్నాయంటే ఇంకా వెతకాల్సింది చాలా ఉందని అర్థం. ఇందులో కనీసం అన్న మాట చాలా ముఖ్యం. యూవీ నడక ఒక్కటే చేసి ఈ సూత్రం వేస్తే, యూవీకి ఎప్పటికీ దొరకని పగుళ్ల జాతుల గురించి ఈ లెక్క ఏమీ చెప్పదు.

సంఖ్యలకు ఇంకో పద్ధతి గుర్తు పెట్టి వదిలి మళ్లీ పట్టుకోవడం. మొదటి రాత్రి 40 తేళ్లకు వీపు మీద చిన్న పెయింట్ చుక్క పెట్టి వదిలారు, కొన్ని రోజుల తర్వాత 50 పట్టుకుంటే అందులో 10కి చుక్క ఉంది అనుకుందాం, 40ని 50తో గుణించి 10తో భాగిస్తే 200. చిన్న సంఖ్యలకు సరిదిద్దిన చాప్‌మన్ సూత్రం ప్రకారం 189 వస్తుంది. చూడ్డానికి బాగుంది, కానీ తేలు కుబుసం విడిస్తే చుక్క దానితోపాటే పోతుంది, పెరిగే వయసు తేళ్లలో ఇది లెక్కను పెంచేస్తుంది. అందుకే ఈ పద్ధతిని పెద్ద తేళ్లకే పరిమితం చెయ్యడం మేలు, పూర్తిగా ఎదిగినవి సాధారణంగా మళ్లీ కుబుసం విడవవు. ఇంకో చిక్కు, ఒకసారి పట్టి గుర్తు పెట్టిన తేలు ఆ వారం బయటికి రాకుండా లోపలే ఉండిపోవచ్చు. వారాల తరబడి తినకుండా ఉండగలిగే జీవితో ఏ లెక్క వేసినా ఈ అనుమానం వదలదు.

కొలతల సంగతికి వస్తే, మొదటి తప్పు అందరూ చేసేదే, తేలు పొడవు ఎంత అని అడగడం. తల నుంచి తోక కొన దాకా మొత్తం పొడవు వార్తలకు పనికొస్తుంది, జాతిని గుర్తించడానికి చాలా తక్కువ. తేలు నడుమ భాగంలో ఏడు ఖండాలుంటాయి, వాటి మధ్య మెత్తటి పొరలుంటాయి, బాగా తిన్నప్పుడు, కడుపుతో ఉన్నప్పుడు హార్మోనియం తిత్తిలా ఆ భాగం సాగుతుంది, ఆకలితో ఉంటే ముడుచుకుంటుంది. ఆల్కహాల్‌లో వేశాక కూడా మారుతుంది. అదే తేలు నెల తేడాలో రెండు పొడవులు చూపిస్తుంది. కాబట్టి సాగని భాగాల్ని కొలవాలి. తలను, ఛాతీని కలిపి కప్పే గట్టి పైచిప్ప పొడవు, తోకలోని ఐదు ఖండాల్లో ఒక్కోదాని పొడవు, వెడల్పు, ఎత్తు, డెక్క మొత్తం పొడవు, అందులో కదిలే వేలు పొడవు, కొండి ఉన్న ఉబ్బు కొలతలు. ఇవి గట్టి పెంకులు, కుబుసం విడిచినప్పుడు మాత్రమే మారతాయి. హెర్బర్ట్ స్టాంకీ 1970లో ఈ భాగాల పేర్లను, కొలిచే తీరును ఒక పద్ధతిలో పెట్టాడు, తర్వాతివాళ్లు దాన్ని మెరుగుపరిచారు.

ఒక్క పైచిప్పనే తీసుకుని చూస్తే పని ఎంత నాజూకో తెలుస్తుంది. స్టీరియో మైక్రోస్కోప్ కింద నమూనాను సన్నటి ఇసుక పరిచిన గిన్నెలో పెడతారు, పైచిప్ప పూర్తిగా సమతలంగా వచ్చేదాకా ఇసుకలో సర్దుతారు. ముందు అంచు కాస్త పైకి లేచి ఉన్నా చాలు, పై నుంచి చూసేసరికి పొడవు తగ్గి కనిపిస్తుంది. చాలా జాతుల్లో ఆ ముందు అంచు మధ్యలో నొక్కు ఉంటుంది. కొలత నొక్కు లోపలి నుంచి మొదలుపెట్టాలా, నొక్కుకు రెండు వైపులా ముందుకు వచ్చిన కొనల నుంచి మొదలుపెట్టాలా? 6 మిల్లీమీటర్ల చిప్ప మీద ఆ తేడా తక్కువేం కాదు, రెండు దగ్గరి జాతుల్ని వేరు చేసే తేడా కూడా కొన్నిసార్లు అంతే ఉంటుంది. మధ్య గీత మీద, నొక్కు లోపలి నుంచి వెనక అంచు దాకా అన్నది ఎక్కువమంది పాటించే పద్ధతి, ఏది పాటించినా రాసి పెట్టాలి. అదే నమూనాను మర్నాడు మళ్లీ కొలిచి, రెండు కొలతల తేడా ఎంతో కూడా ఇవ్వడం మంచి అలవాటు. జాతుల మధ్య తేడా అని చెప్పేది మన చెయ్యి తేడా కన్నా పెద్దదై ఉండాలి కదా.

బతికున్న తేలును చంపకుండా కొలవాలంటే కాసేపు చల్లటి పెట్టెలో ఉంచి నెమ్మదించాక, పారదర్శకమైన షీటుకు, మెత్తటి స్పాంజికి మధ్య కదలకుండా పెట్టి, పక్కన స్కేలుతో పై నుంచి నిటారుగా ఫోటో తీసి కంప్యూటర్లో కొలుస్తారు. మైక్రోస్కోప్ అంత కచ్చితం కాదు, కానీ అరుదైన చోట్ల ఇదే సరైన పద్ధతి. ఆడ తేళ్లు నెలల తరబడి గర్భం మోసి పిల్లల్ని కంటాయి, చిన్న గుంపులోంచి పది పెద్ద ఆడవాటిని తీసుకెళ్తే ఆ గుంపు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. ప్రతి సర్వేలో ప్రతి తేలునూ సీసాలో వేసుకెళ్లే పాత అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది, అది ఆగాలి. కొత్త జాతి అనిపిస్తే కొన్ని నమూనాలు తప్పవు. వాటిని మాత్రం సరిగ్గా భద్రపరచాలి, ఆకారం చూడడానికి 75, 80 శాతం ఆల్కహాల్‌లో, డీఎన్‌ఏ కోసం ఒక కాలు విడిగా 95 శాతం దాటిన ఆల్కహాల్‌లో చల్లగా. చోటు, జీపీఎస్ అంకెలు, తేదీ, ఏ రాయి కిందో ఏ ఇసుకలోనో రాసిన చీటీ లేని నమూనాకు పెద్దగా విలువ ఉండదు.

కొలతల్లో ఇంకో పెద్ద ఉచ్చు వయసు. తేలు పుట్టినప్పటి నుంచి పెద్దదయ్యేలోపు చాలా జాతుల్లో ఐదు నుంచి ఏడు సార్లు దాకా కుబుసం విడుస్తుంది, ప్రతిసారీ గట్టి భాగాలు దాదాపు 1.26 రెట్లు పెరుగుతాయని ఒక పాత అంచనా సూత్రం ఉంది. రెండుకు ఘనమూలం అది, అంటే కుబుసానికి ఒకసారి బరువు రెట్టింపు అవుతుందన్న ఊహ. పెద్ద తేలు పైచిప్ప 8 మిల్లీమీటర్లైతే వెనక్కి లెక్కేస్తే 6.3, 5, 4, 3.2 ఇలా వస్తాయి, దొరికిన పిల్లల కొలతలు ఆ మెట్ల దగ్గర గుంపులు కడితే ఏ పిల్ల ఏ దశలో ఉందో చెప్పొచ్చు. కానీ అన్ని భాగాలూ ఒకే వేగంతో పెరగవు. పిల్లల్లో సన్నగా ఉన్న డెక్క పెద్దయ్యాక లావెక్కుతుంది, కొన్ని జాతుల్లో మగదాని తోక చివరి కుబుసంతో ఒక్కసారిగా సాగుతుంది. పిల్ల తేలు కొలతల నిష్పత్తి చూసి ఇది వేరే జాతి అని పేరు పెట్టడం, ఆడదాన్నీ మగదాన్నీ రెండు జాతులుగా రాయడం ఈ రంగం చరిత్రలో చాలాసార్లు జరిగాయి.

అందుకే వయసుతో మారని లక్షణాలు దొరికితే అవి బంగారం. కడుపు కింద ఉండే దువ్వెనలు అలాంటివే. తేలుకు తప్ప ఇంకే జీవికీ లేని అవయవం అది, నేలను తడుముతూ వాసన, స్పర్శ గ్రహిస్తుంది. ఆ దువ్వెనకు ఎన్ని పళ్లు అన్నది పుట్టుకతో వచ్చిన లెక్క, కుబుసాలు విడిచినా మారదు. మగవాటికి సాధారణంగా పళ్లు ఎక్కువ, పొడుగు కూడా. ఒక చోట పట్టిన యాభై తేళ్ల దువ్వెన పళ్లు లెక్కపెట్టి గ్రాఫ్ వేస్తే ఆడ, మగ రెండు గుట్టలుగా విడిపోతాయి, పిల్ల తేళ్లలో కూడా. గ్రాఫ్‌లో మూడో గుట్ట, నాలుగో గుట్ట కనిపిస్తే అక్కడ రెండో జాతి ఉందేమో అని మళ్లీ చూడాలి. రెండు వైపులా లెక్కపెట్టాలి, కుడి ఎడమల్లో ఒకటీ అరా తేడా మామూలే. ఈ పనికి ఒక మంచి భూతద్దం, ఓపిక చాలు, అయినా చాలా సర్వే రిపోర్టుల్లో ఈ అంకెలే ఉండవు.

డెక్కల మీద ఉండే సన్నటి స్పర్శ వెంట్రుకలు, ట్రైకోబోత్రియా, ఇంకో ఆధారం. మాక్స్ వాషోన్ అనే శాస్త్రవేత్త 1970ల మొదట్లో ఒక్కో వెంట్రుక స్థానానికి పేరు పెట్టి తేళ్లను మూడు ప్రధాన నమూనాలుగా విడదీశాడు, ఇప్పటికీ జాతుల వర్ణనలో ఆ పటం లేకుండా పేపర్ రాదు. బూతిడే అనే కుటుంబానికి ఒక నమూనా ప్రత్యేకం. 1,000కి పైగా జాతులతో తేళ్లలో అదే అతి పెద్ద కుటుంబం, ప్రాణం తీయగల విషమున్నవి దాదాపు అన్నీ అందులోవే. వెంట్రుక రాలిపోయినా అది మొలిచిన గుంట ఉండిపోతుంది కాబట్టి పాత నమూనాల్లో కూడా చూడొచ్చు. డీఎన్‌ఏ వచ్చాక ఇవన్నీ ఎందుకు అనేవాళ్లున్నారు. తేళ్లు పెద్దగా దూరాలు పోవు, పక్క గుట్ట మీద ఉన్న అదే జాతి గుంపు కూడా డీఎన్‌ఏలో బాగా దూరంగా కనిపించవచ్చు. తేడా శాతం ఒక్కటే చూసి గుట్టకో జాతి ప్రకటించడం కన్నా దువ్వెన, వెంట్రుకలు, నిష్పత్తులు, డీఎన్‌ఏ అన్నీ ఒకే మాట చెబుతున్నాయా అని చూడడం నిదానమైన పనే, కానీ నిలిచే పని.

కొలతలు ఇంకో విషయం కూడా చెబుతాయి, ఆ తేలు ఏ నేలకు చెందినదో. ఇసుకలో తిరిగేవాటికి పాదాల మీద పొడుగాటి వెంట్రుకల వరసలు, పొడుగాటి గోళ్లు. రాతి పగుళ్లవి పలచగా, చదునుగా, సాగదీసినట్టు ఉంటాయి. గట్టి నేల తవ్వేవాటికి బలమైన డెక్కలు, పొట్టి తోక. ఇలా ఒక నేలకు అతిగా అలవాటు పడిన జాతి దాన్ని దాటి పోలేదు, దాని ప్రపంచం ఆ నేల ఎంత ఉంటే అంతే. కిలోమీటరుకు ఒక చోట చొప్పున గడులు గీసి చేసే సర్వేలు ఇక్కడే ఘోరంగా తప్పుతాయి.

కాలిఫోర్నియాలో జరిగింది చూడండి. ఎండిపోయిన ఉప్పు సరస్సుల అంచున తీసిన తేళ్ల ఫోటోలు, జీవుల ఫోటోలు ఎవరైనా పెట్టగలిగే ఐనాచురలిస్ట్ సైట్‌లో ఎవరో పెట్టినవి, పేరు తేలకుండా ఉండిపోయాయి. ఇద్దరు హైస్కూల్ విద్యార్థులు వాటిని గమనించి, అక్కడికి వెళ్లి యూవీ లైటుతో వెతికి, కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ శాస్త్రవేత్తతో కలిసి 2022లో రెండు కొత్త జాతులు ప్రకటించారు, పారురోక్టోనస్ సోడా, పారురోక్టోనస్ కన్‌క్లూసస్. దశాబ్దాల నుంచి తేళ్ల పరిశోధన జరుగుతున్న రాష్ట్రంలో ఇవి ఇన్నాళ్లూ దొరకకపోవడానికి కారణం, అవి క్షార నేలలో మాత్రమే ఉంటాయి, ఆ పట్టీ దాటితే ఒక్కటీ ఉండదు. మొదటిది ఉండేది కారిజో మైదానపు రక్షిత ప్రాంతంలో, దానికి ఇబ్బంది లేదు. రెండోది మొహావీ ఎడారిలో కోయెన్ అనే పొడి సరస్సు అంచున, రెండు కిలోమీటర్లకు మించని సన్నటి పట్టీలో ఉంది, ఆ నేలకు రక్షణ లేదు. ఒక్క గని గానీ ఒక్క సోలార్ ప్లాంటు గానీ ఆ పట్టీ మీద పడితే జాతి మొత్తం పోతుంది.

కాబట్టి పొడి ప్రాంతాల్లో ఏదైనా ప్రాజెక్టుకు ముందు చేసే పర్యావరణ సర్వేలో తేళ్లు లేవు అని ఒక లైను కనిపిస్తే, అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. యూవీ లైటు వాడారా, ఎన్ని రాత్రులు, ఏ నెలల్లో, వెన్నెల ఎలా ఉంది, ఇసుక, రాయి, ఉప్పు నేల విడివిడిగా నడిచారా, రాళ్ల కింద చూశారా. పగటిపూట రెండు గంటలు జీపులో తిరిగి రాసిన లైనుకూ, మూడు కాలాల్లో నడిచి రాసిన లైనుకూ కాగితం మీద తేడా కనపడదు, ఆ వివరాలు జతచేయమని నిబంధన పెట్టేదాకా కనపడదు కూడా.